నాయకుడును సహాయకులును

ఫుట్‌బాల్ అనగానే మనకు స్ఫురించునది కాలితో తన్ను బంతియాట. అమెరికాలో ఆ పేరు వహించిన ఆట వేఱు. అందు కొనలు మొనదేలిన కోలబంతిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు. పక్షమునకు 11 మంది. ఆ ఆట ఎడతెగక సాగదు. చదరంగమువలె ఎత్తు వెంట ఎత్తుగా నడచును. ఒక ఎత్తు ముగిసిన పిదప మరియొకటి మొదలిడుటకు సాధారణముగా 40 సెకనుల గడువే కలదు. ఎవరు ఎటు పరుగెత్తవలెనో, బంతి ఎవరికి అందవలెనో ఆ గడువులోనే నిర్ణయించి ఆటగాండ్రకు తెలుపవలెను. ఈ నిర్ణయము ఎవరిది కావలెనన్నదే నేడు మనము విచారింపదలచిన విషయము.

పూర్వము పెక్కు జట్లలో క్వార్టర్‌బ్యాక్ అను ఆటగాడే ఎత్తును నిర్ణయించుచుండెను. క్లీవ్‌లాండ్ జట్టు శిక్షకుడు పాల్ బ్రౌన్ ఆ అధికారమును తాను గైకొని, ఆటగాండ్రచేత వార్త పంపుచుండెను. 1956లో ఆయన క్వార్టర్‌బ్యాక్ శిరస్త్రాణములో చిన్న రేడియోను అమర్చి చూచెను. లీగు పాలకులు దానిని నిషేధించిరి. 1994లో గాని అట్టి రేడియోకు అనుమతి లభింపలేదు. అందు వినబడు కంఠము ఒక్కటే. పదిమంది చేతిలో పాము చావదను మన సామెత ఇచటను చెల్లును. అయితే ఆ కంఠము ప్రధాన శిక్షకునిదే కావలెనా?

ఆండీ రీడ్ 1999 నుండి 2012 వరకు ఫిలడెల్ఫియా జట్టును నడపి, 2013లో కాన్సస్ సిటీ జట్టునకు ప్రధాన శిక్షకుడయ్యెను. ఎత్తులు కూర్చుటలో ఆరితేరినవాడు. 2017లో ఆయన జట్టు తొలి 5 ఆటలు వరుసగా గెలిచి, తరువాతి 6 ఆటలలో 5 ఓడెను. అప్పుడాయన ఎత్తులు చెప్పు పనిని సహాయకుడు మ్యాట్ నాగీకి అప్పగించెను. ఆ మొదటి ఆట 31–38 తేడాతో పోయెను. అయినను రీడ్ పగ్గములు వెనుకకు లాగికొనలేదు. తరువాతి 4 ఆటలును గెలుపే. పిమ్మట 2018 జనవరిలో, ఓడినవారు తప్పుకొనవలసిన పోటీలో, సగము ఆటకు 21–3తో ముందుండియు జట్టు 21–22తో ఓడెను. ఓటమికి జవాబుదారి ప్రధాన శిక్షకుడే. నాగీకి మాత్రము కొలది దినములలోనే చికాగో జట్టు ప్రధాన శిక్షకత్వము లభించెను.

అధికారము పంచుటకు చెల్లించు వెల ఇదియే. తప్పు తనకు మిగులును. సమర్థుడైన సహాయకుడు పేరు గడించి వెడలిపోవును. రీడ్ వద్ద పనిచేసిన జాన్ హార్బా బాల్టిమోర్ జట్టుతో 2013లో సూపర్ బౌల్ గెలిచెను. డగ్ పీడర్సన్ 2018లో ఫిలడెల్ఫియాకే ఆ గెలుపు తెచ్చెను. రీడ్ 14 సంవత్సరములు శ్రమించియు అచట పొందలేకపోయిన గెలుపది!

మరి లాభమేమి? చేతిలోని ఎత్తుల పట్టికపై చూపు నిలిపినవానికి ఆట యంతయు కనబడదు. రక్షణ పక్షము అలసినదా, గడియారములో కాలమెంత మిగిలినది, గెలుపుకై తెగింపవలెనా అనునవి చూచుటకు ఒకరు తీరికగా ఉండవలెను. రీడ్ ఆపై ఎత్తులు చెప్పు పనిని మరల చేపట్టినను, 2019లో రక్షణ బాధ్యతను స్టీవ్ స్పాగ్నోలోకు అప్పగించెను. అతడు అంతకుముందే వేరొక జట్టునకు ప్రధాన శిక్షకుడుగా ఉండినవాడు. 2020 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీ 31–20తో సూపర్ బౌల్ గెలిచెను.

తనకంటె తక్కువవారిని చుట్టును చేర్చుకొన్నవానికి పోటీ భయముండదు; సాయమును ఉండదు. సమర్థులను పిలిచి, పని విడిచి, ఫలమునకు మాత్రము తాను పూచీపడువాడే నాయకుడని మా అభిప్రాయము.