ఇంట పుట్టిన చర్మవాద్యం: ఐర్లండు బౌరాన్
(ఉపన్యాస పాఠం)



ఐర్లండు పల్లెల్లో బౌరాన్ అనే వాద్యం ఒకటి ఉన్నది. గుండ్రని కొయ్య చట్రానికి ఒక ప్రక్క మాత్రమే మేకతోలు బిగించి, రెండవ ప్రక్క తెరచి ఉంచుతారు. డప్పును ఎరిగిన తెలుగువారికి ఆ రూపం క్రొత్త కాదు. డిసెంబరు 26న, సెయింట్ స్టీఫెన్ పండుగనాడు, వేషాలు వేసి ఇంటింటికీ తిరిగే 'రెన్ బాయ్స్' చేతిలో అది మ్రోగేది. తక్కిన దినాలలో దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1960ల దశకంలో షాన్ ఓ రియాడా అనే సంగీతకర్త తన వాద్యబృందంలో చోటిచ్చిన పిమ్మట అది కచేరీ వేదిక నెక్కింది.

ఈ వాద్యానికి కర్మాగారం అక్కరలేదు. ధాన్యం చెరిగే జల్లెడ పాతబడితే, దాని చట్రమే వాద్యానికి ఒడలయ్యేది. అది దొరకనప్పుడు యాష్ వంటి వంగే స్వభావం గల కొయ్య నుండి పలుచని బద్దను చీల్చి, ఆవిరి పట్టి, గుండ్రని దిమ్మె చుట్టూ వంచి ఆరనిస్తారు. ఇక్కడ గణితపాఠం ఉన్నది. 16 అంగుళాల వ్యాసం గల వాద్యానికి చుట్టుకొలత 50 అంగుళాలకు పైచిలుకు. కొనలు ఒకదానిపై ఒకటి ఎక్కించి అతికేందుకు మరొక 5 అంగుళాలు కలపాలి. ఆ లెక్క మరచినవాని బద్ద వృథా. చట్రం లోపల అడ్డుకమ్మి ఒకటి బిగిస్తే, తోలు లాగుడుకు చట్రం కోడిగ్రుడ్డు ఆకారానికి తిరగదు.

అసలు పరీక్ష తోలు వద్దనే. సున్నపు నీటిలో కొన్నాళ్లు నానితే వెంట్రుక వదులుతుంది. మొద్దు కత్తితో గీకి, సున్నం పోయేదాకా కడగాలి. దుర్వాసనకు ముక్కు మూసుకొనేవారు ఈ పనికి రారు. తడి తోలును చట్రంపై పరచి, ఒక మేకు కొట్టిన వెంటనే దానికి సరిగా ఎదుటి ప్రక్క రెండవ మేకు కొట్టాలి. తరువాత అడ్డంగా మరొక జంట. వరుసగా ఒకే ప్రక్క నుండి కొట్టుకుపోతే తోలు ముడుతలు పడుతుంది. ఆరేటప్పుడు తోలు తనంత తానే కుంచించుకొంటుంది గనుక, తడిలోనే బలమంతా చూపినవానికి చిరిగిన తోలో, వంకర తిరిగిన చట్రమో మిగులుతుంది. ఎండలో కాక నీడలో ఆరబెట్టాలి. తొందరపడే పిల్లలకు ఈ నీడ చాలా కష్టం!

జాన్ బి. కీన్ 1986లో ఈ వాద్యాన్ని చేసేవారి పేరనే ఒక నవల వ్రాశాడు. 1950ల నాటి కెర్రీ ప్రాంతపు పేద రైతుల రెన్ వేడుకను ఒక మతగురువు అణచజూచిన కథ అది. మన ఊళ్లలోనూ డప్పును పెండ్లి ముందుకు పిలిచి, దానిని చేసిన చేతిని ఊరి వెలుపలనే నిలిపిన కాలం ఉన్నది. తోలు ముట్టిన చేయి తక్కువదన్న మాట ఏ దేశంలో విన్నా అన్యాయమే.

ఆరిన వాద్యాన్ని ఎడమ తొడపై నిలిపి, ఎడమచేతిని లోపల తోలుకు ఆనిస్తూ, జరుపుతూ స్వరం మారుస్తారు. కుడిచేతి పొట్టి కర్ర రెండు కొనలతోనూ దరువు పలుకుతుంది. తేమ పట్టిన రాత్రి తోలు సడలితే నిప్పు సెగ చూపుతారు, డప్పుకు చూపినట్లే. మరీ బిగిస్తే లోపలి ప్రక్క చేతితో కొద్దిగా నీరు రాచి, తోలు ఆ తడిని పీల్చుకొనేదాకా ఆగి, అప్పుడు మొదటి దెబ్బ వేస్తారు.