ఓటు వచ్చింది ఏ స్త్రీలకు?



స్త్రీలకు మొదట ఓటు హక్కు ఇచ్చిన దేశం న్యూజిలాండ్, 1893 అని పోటీ పరీక్షల కోసం బట్టీ పడతారు కదా. జవాబు సరైనదే. కేట్ షెపర్డ్, ఆమెతోటి స్త్రీలు ఆ ఏడాది దాదాపు 32 వేల సంతకాలు పోగుచేశారు. గైడు పుస్తకాల్లో లేని ఇంకో పేరు చెబుతాను. మేరి మంగకాహియా. ఆమె అక్కడి మూలవాసి, మావోరీ. మావోరీలు సొంతంగా నడుపుకునే సభ ముందు అదే ఏడాది ఆమె తన కోరిక పెట్టింది. స్త్రీలకు ఓటు ఒక్కటే చాలదు, సభలో సభ్యత్వం కూడా కావాలంది. ఆమె చూపిన కారణం భూమి. మావోరీ స్త్రీలు ఎందరికో సొంత భూములున్నాయి, భూమి గురించి తేల్చే చోట వాళ్ళుండాలి కదా! 1893 చట్టంలో మావోరీ స్త్రీలకూ ఓటు వచ్చింది.

పక్కనున్న ఆస్ట్రేలియా సంగతి వేరు. 1902లో దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కు, పోటీ చేసే హక్కు రెండూ ఇచ్చారు. అదే చట్టంలో అక్కడి ఆదివాసులైన అబోరిజినల్ ప్రజలను ఓటర్ల జాబితాలో చేర్చకూడదని రాశారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని పాయింట్ మెక్లేలో 1896లోనే అబోరిజినల్ స్త్రీలు ఓటు వేశారు. అయినా అలా రాశారు! అబోరిజినల్ వాళ్ళందరికీ దేశ ఎన్నికల్లో ఓటు 1962లో వచ్చింది. మధ్యలో 60 ఏళ్ళు. అందుకే పుస్తకంలో ఏడాది కనబడితే, ఎవరికి అని కూడా అడగండి.

మద్రాసు రాష్ట్రం 1921లో స్త్రీలకు ఓటు ఇచ్చింది, కానీ ఆస్తి ఉన్నవాళ్ళకు, పన్ను కట్టేవాళ్ళకు. పోడు కొట్టుకునే మన ముత్తవ్వలు ఆ లెక్కలోకి ఎలా వస్తారు? ఆ షరతులను తీసేసింది రాజ్యాంగమే.

అయినా 1951-52 మొదటి ఎన్నికల్లో సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి పోయాయి. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో. వాళ్ళు తమ పేరు చెప్పలేదు, ఫలానా వాళ్ళ భార్య, ఫలానా వాళ్ళ కూతురు అని రాయించుకున్నారు. సొంత పేరు లేకుండా ఓటు కుదరదన్నారు ఎన్నికల అధికారులు. ఆ మాట కఠినమే, కానీ నాకు సరైనదే అనిపిస్తుంది.

మన ఇళ్ళలో అవ్వ పేరు రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటుంది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఓటర్ల జాబితాలో అమ్మ పేరు, అవ్వ పేరు ఎలా ఉన్నాయో చూడండి. తప్పుంటే ఫారం 8. మీకు 17 నిండితే ఫారం 6 ముందే ఇవ్వొచ్చు.