దూరపు యుద్ధాలు, చేతిలోని తెర

హింసను మార్గంగా ఎంచుకునే తీవ్రవాదానికి స్థానికమైన అసంతృప్తి ఒక మూలం. ఎక్కడో జరుగుతున్న పోరాటం నుంచి అరువు తెచ్చుకున్న కథనం మరో మూలం. ఈ రెండింటినీ కలిపేది ప్రచార సాధనం. సాధనం మారినప్పుడల్లా తీవ్రవాదం వేగమూ స్వభావమూ మారాయి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటర్నెట్‌కు ముందే ఇందుకు ఉదాహరణ ఉంది. 1967 జులై 5న చైనా పత్రిక పీపుల్స్ డైలీ పశ్చిమ బెంగాల్‌లోని నక్సల్బరీ రైతుల తిరుగుబాటును ‘వసంత మేఘ గర్జన’ అని కీర్తించింది. 1969లో ఆ తిరుగుబాటు నాయకుడు చారు మజుందార్ పల్నాటి గుత్తికొండ బిలంలో ఇక్కడి విప్లవకారులతో రహస్యంగా సమావేశమయ్యారు. బీజింగ్ మాట పత్తి, మిరప చేల దాకా చేరడానికి రేడియో, కరపత్రం, అనువాదం, రాజకీయ తరగతి అవసరమయ్యాయి. ప్రతి మజిలీలోనూ వాదం జరిగేది, చీలిక వచ్చేది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం, అదే బాటలో సాగిన మావోయిస్టు నాయకులు ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గర నల్లమల నుంచి బయటికి వచ్చారు. ఆ ఉద్యమం ఎంత హింసాత్మకమైనా, దానికి చర్చలకు పిలవగల నాయకత్వం ఉండేది, ముందు పెట్టే డిమాండ్లు ఉండేవి.

ఇంటర్నెట్ ఆ మజిలీలను తీసేసింది. ఇరాక్, సిరియా యుద్ధాల్లో బలపడిన ఇస్లామిక్ స్టేట్ 2014 జూన్ 29న ఖలీఫా రాజ్యాన్ని ప్రకటించింది. సరిగ్గా రెండేళ్లకు, 2016 జూన్ 29న, జాతీయ దర్యాప్తు సంస్థ హైదరాబాద్ పాతబస్తీలో సోదాలు జరిపి, ఇస్లామిక్ స్టేట్‌తో ఆన్‌లైన్‌లో సంబంధాలు పెట్టుకున్నారన్న ఆరోపణపై కొందరు యువకులను అరెస్టు చేసింది.

ఈ ధోరణి ఒక్క మతానికి పరిమితం కాదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో శ్వేతజాతి దురహంకారి ఒకడు రెండు మసీదులపై దాడి చేసి 51 మందిని చంపాడు. అతని తుపాకుల మీద ఐరోపా, ఆటోమన్ సేనల మధ్య జరిగిన పాత యుద్ధాల పేర్లున్నాయి. దాడిని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. తొలి 24 గంటల్లో ఫేస్‌బుక్ దాదాపు 15 లక్షల కాపీలను తొలగించవలసి వచ్చింది.

ఈ ప్రచారం పని చేసే తీరు అన్ని చోట్లా దాదాపు ఒకటే. యుద్ధభూమి నుంచి శవాల దృశ్యాలు వస్తాయి. వాటికి ‘మనవాళ్లను చంపుతున్నారు’ అన్న వ్యాఖ్య తోడవుతుంది. చూసినవాటిలాంటివే మళ్లీ మళ్లీ చూపించే సామాజిక మాధ్యమ యంత్రాంగం ఆ కోపాన్ని పెంచుతుంది. ఆపైన రహస్య గ్రూపులో పరిచయం ఏర్పడుతుంది. నిరుద్యోగం, అప్పు, అవమానం వంటి సొంత బాధ అక్కడ ప్రపంచవ్యాప్త యుద్ధంలో భాగంగా కనిపిస్తుంది. ఎదురు ప్రశ్న వేసేవారు ఆ గ్రూపులో ఉండరు. ప్రభుత్వం చర్చలకు పిలవడానికి నాయకుడూ ఉండడు.

సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్ కింద కేంద్రం ఇలాంటి సమాచారాన్ని నిరోధించగలదు. పెద్ద సామాజిక మాధ్యమ కంపెనీలు 2017 నుంచి ఉమ్మడి వేదిక ద్వారా ఉగ్రవాద వీడియోల డిజిటల్ ముద్రలను పంచుకుంటున్నాయి. అయితే ఆ ముద్ర పాత వీడియోను గుర్తుపడుతుందే తప్ప, కొత్తగా రాసిన తెలుగు వాక్యంలోని విషాన్ని పట్టుకోలేదు. ఆ వాక్యాన్ని చదవగలిగినవారు తెలుగు పండితులు, పరిశోధకులే. కరపత్రాల కాలాన్ని అధ్యయనం చేసినంత శ్రద్ధతో ఫోన్లలో తిరిగే తెలుగు ద్వేషప్రచారాన్నీ సేకరించి విశ్లేషించే బాధ్యతను గుంటూరు, ప్రకాశం ప్రాంతపు విశ్వవిద్యాలయాలు, సాహిత్య సంస్థలు స్వీకరించాలి.