ఇంటి ప్లానులో ఇల్లాలి మాట
(పొన్నూరులో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడుమన్నారు పెద్దలు. ఆ ఇంట రేయింబవళ్ళు మసలు ఇల్లాలిని ప్లాను గీయునాడు మనము సంప్రదించుచున్నామా?

గృహనిర్మాణ విద్య స్త్రీలకు క్రొత్త కాదు. 1936లో బొంబాయి సర్ జె.జె. కళాశాలలో చదువు ముగించిన పెరిన్ మిస్త్రీ మన దేశపు తొలి మహిళా వాస్తుశిల్పిగా పేరొందిరి. చండీగఢ్ నిర్మాణమున పాల్గొన్న ఊర్మిళా యూలీ చౌదరి పిమ్మట పంజాబు ప్రధాన వాస్తుశిల్పి యైరి. మన తెలుగు ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత పదునెనిమిదవ యేట భర్తను గోల్పోయి, పసిబిడ్డ తల్లియై యుండియు, గిండీ కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు చదివి 1943లో పట్టభద్రురాలైరి.

1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగర గృహములకు మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అను ఆస్ట్రియా వనిత వంటగదిని రూపొందించిరి. వంటలో ఎన్ని అడుగులు నడువవలసి వచ్చునో, ఏ పనికెంత సేపు పట్టునో లెక్కగట్టి, పొయ్యి, తొట్టి, అలమరలు చేతికందునట్లు అమర్చిరి. సుమారు 10,000 ఇండ్లలో అట్టి వంటగదులు వెలసినవి.

ఆ లెక్క మనకును అవసరమే. పొయ్యి యొక మూల, నీళ్ళ గాబు పెరటి చివర నున్న ఇండ్లను మేము చూచితిమి. పొగ వెడలు దారి లేక ఇల్లాలి కన్నులు మండును. ప్రక్క గదిలో ప్రత్తి బోరెములున్నచో ఒక్క నిప్పురవ్వ చాలును.

కావున ప్లాను మీ యెదుటికి వచ్చినపుడు మూడు ప్రశ్న లడుగుడు. పొగ ఎటు పోవును? నీటికి పొయ్యికి దూరమెంత? ప్రత్తి, మిరప నిలువచేయు చోటు నిప్పుకు ఎడముగా నున్నదా? నేడు పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. ఆ ప్రశ్నలు మొదట వారే అడుగుదురుగాక!