కాటను దొరయు గోదావరి ఆనకట్టయు



తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరునకు పాఱు కాలువను చూచువారు అది అనాదిగా అట్లే యున్నదని తలంచుట కద్దు. కాని రెండు వందల యేండ్లనాడు ఈ సీమలో ఆ కాలువ లేదు. దానికి మూలపురుషుడు ఆర్థరు కాటను.

కాటను 1803లో ఇంగ్లండున జన్మించి, 1821లో సైనిక ఇంజనీరుగా మన దేశమునకు వచ్చెను. ఆనాటి రాజమండ్రి జిల్లా లెక్కలు చూడుడు. 1821లో 7,38,308గా నున్న జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగెను. కఱవులు, తుపానులు, వలసలు జనమును హరించినవి. ప్రక్కనే గోదావరి నిండుగా పాఱి సముద్రము పాలగుచుండెను. ఆకలియు నీరును ఇరుగుపొరుగులై యుండుట కాటను సహింపలేకపోయెను.

అడుగంటని యిసుకపై ఆనకట్ట నిలుచునా యని సందేహము. దానికి సమాధానము ఆయనకు సీమ గ్రంథములలో గాక కావేరీ తీరమున లభించెను. ఏనాడో చోళులు కట్టిన కల్లణను ఆయన శ్రద్ధతో పరిశీలించెను. ఇసుకలో బండరాళ్ళు దిగవిడిచి, అవి కదలక కుదురుకొన్న పిదప వానిపై కట్టడము లేపుట యందలి కీలకము. పేరైనను తెలియని ఆ శిల్పులే తనకు గురువులని ఆయన దాచక చెప్పెను. పాలకుడై యుండియు పాలితుల విద్యకు శిష్యుడగుట సామాన్యము కాదు.

1847లో ధవళేశ్వరమువద్ద పని మొదలయ్యెను. నదిపాయలకు అడ్డముగా నాలుగు భాగములుగా, రమారమి రెండుంబావు మైళ్ళ కట్టడము అది. నడుమ ఆయన అనారోగ్యముచే సెలవుపై పోగా, ఓర్ అను ఇంజనీరు పని నడపెను. వీణెం వీరన్న కూలీలను సమకూర్చి కుడిభుజమై నిలిచెను. రాళ్ళు మోసిన వేలాది కూలీల పేర్లు ఏ దస్త్రమునను కానరావు. 1852లో పని ముగిసెను. పిమ్మట విజ్జేశ్వరమునుండి వచ్చు కాలువ ఏలూరులో కృష్ణా కాలువను కలిసెను. రెండు మహానదుల నీరు ఒకచోట చేరి, పొలములకు తడియు పడవలకు బాటయు నయ్యెను.

రైళ్ళకంటె కాలువలే ఈ దేశమునకు మేలని వాదించినందుకు 1878లో ఆయన పార్లమెంటు సంఘము నెదుట ప్రశ్నల నెదుర్కొనవలసి వచ్చెను. అయినను మాట మార్చుకొనలేదు. 1899లో కన్నుమూసెను. పాత ఆనకట్ట స్థానమున నేడు నిలిచిన బ్యారేజి ఆయన పేరనే యున్నది.

విగ్రహమునకు పూలమాల వేయుట సులభము. కాలువ పూడిక తీయుట, కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవు దారి మూయకుండుట కష్టము. నీటిని తెచ్చుట ఆయన వంతు, దాని త్రోవను కాపాడుట మన వంతు. ఆ ఋణము తీరినప్పుడే మన లెక్క సరియగును.