పసుపు, పెద్దపేగు క్యాన్సర్: ల్యాబులో ఏం చూశాం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "క్యాన్సర్ గురించి చెప్పు, కానీ భయపెట్టకు, తర్వాత భోజనాలున్నాయి" అన్నారు. పులిహోర తాలింపు వాసన ఇక్కడిదాకా వస్తోంది. అందుకని పసుపు గురించే చెబుతాను.

మనలో సగం మంది పసుపు పండించిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. కొమ్ములు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో చొక్కాలు పచ్చబడి బడికి వచ్చేవాళ్లం. దుగ్గిరాల యార్డులో ధర ఎంత పలికిందో మనకు పరీక్ష మార్కులకంటే ముందు తెలిసేది. నేను వెళ్లి వెళ్లి ఆ పసుపులోని పచ్చదనం మీదే పనిచేస్తానని అప్పుడు ఎవరైనా చెబితే మా నాన్న నవ్వేవాడు.

ఆ పచ్చదనం పేరు కర్క్యుమిన్. పసుపులో అది నూటికి మూడు పాళ్ల దగ్గర ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద అది ఏం చేస్తుందో చూడటం చాలా ఏళ్లపాటు నా ఉద్యోగం. అందుకే మన వాట్సాప్ గ్రూపులో "పసుపుతో క్యాన్సర్ మాయం" అని వచ్చినప్పుడల్లా "నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదరా, నిజమేనా?" అని అడుగుతుంటారు. రెండు ముక్కల్లో చెప్పలేక ఊరుకునేవాణ్ణి. ఈరోజు ఇరవై నిమిషాలు దొరికాయి.

మేం వాడే కణాల్లో ఒక రకం పేరు హెచ్‌టీ-29. 1964లో 44 ఏళ్ల ఒక మహిళ పెద్దపేగు కణితి నుంచి తీసినవి. ఆ తల్లి కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. 37 డిగ్రీల వేడిలో, గులాబీ రంగు ద్రవంలో, ప్లాస్టిక్ సీసాల్లో. రెండు మూడు రోజులకోసారి మేత మార్చాలి. సంక్రాంతికి కూడా సెలవు ఇవ్వవు. పాడిగేదెను పెట్టుకున్నట్టే.

కర్క్యుమిన్ నీళ్లలో కరగదు. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించి కణాల మీద వేస్తాం. పక్క గుంటల్లో ఉత్త డీఎంఎస్‌ఓ వేస్తాం, తేడా కర్క్యుమిన్‌దా, ద్రావణిదా తెలియాలి కదా. ఒకటి రెండు రోజుల తర్వాత మైక్రోస్కోపు కింద చూస్తే, ఉత్త ద్రావణి వేసిన చోట కణాలు ఒత్తుగా పరుచుకుని ఉంటాయి. కర్క్యుమిన్ వేసిన చోట విడిపోయి, గుండ్రంగా ముడుచుకుని, తేలుతూ ఉంటాయి. విభజన మధ్యలోనే ఆగిపోతుంది. లోపల డీఎన్‌ఏ ముక్కలవుతుంది. పాడైన కణం తనంతట తాను చచ్చిపోయే ఏర్పాటు మన ఒంట్లో ఉంది. క్యాన్సర్ కణం దాన్ని మూలన పడేస్తుంది. కర్క్యుమిన్ దాన్ని మళ్లీ లేపుతోంది. నేను కళ్లారా చూశాను. వాట్సాప్‌లో వచ్చేది ఇంతవరకు అబద్ధం కాదు.

ఇక్కడి నుంచి కథ మారుతుంది. సీసాలో క్యాన్సర్ కణాలను చంపడం పెద్ద గొప్ప కాదు. ఉప్పు ఎక్కువైనా చస్తాయి, సారా పోసినా చస్తాయి. మేం వాడే మోతాదు సుమారు 20 మైక్రోమోలార్. అంటే లీటరుకు ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు. అది రక్తంలోకి వస్తుందా? బ్రిటన్‌లో రోగులకు రోజుకు 3.6 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. రక్తంలో దొరికింది మా మోతాదుకు వెయ్యి రెట్లకంటే తక్కువ. పేగు, కాలేయం కలిసి దాన్ని వెంటనే మార్చేసి బయటికి పంపేస్తాయి. 3.6 గ్రాములు అంటే మన వంటింటి లెక్కలో 120 గ్రాముల పసుపు, ప్రతిరోజూ. ఏ అత్తగారి చేతి కూరలోనూ అంత పడదు.

మిరియాలు కలిపితే ఎక్కుతుందంటారు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్లు రెండు గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పిపరిన్ కలిపి ఇస్తే 20 రెట్లు పెరిగింది. అయితే దాదాపు సున్నాకు ఇరవై రెట్లు ఎంతో, లెక్కల మాస్టార్ల ముందు నేను చెప్పక్కర్లేదు.

మరి పెద్దపేగు సంగతి వేరు కదా అని మీరడగవచ్చు. నిజమే, అందుకే మేం అన్నేళ్లు ఆశ వదల్లేదు. రక్తంలోకి ఎక్కనిది పేగులోనే మిగులుతుంది. ఆపరేషన్‌కు ముందు వారం రోజులు మాత్రలు వేసుకున్నవారి పేగు ముక్కలో కర్క్యుమిన్ బాగానే కనిపించింది. 2011లో పొగతాగేవారికి రోజుకు 4 గ్రాములు నెల రోజులు ఇస్తే, క్యాన్సర్‌కు తొలిమెట్టు అనుకునే పేగు మచ్చలు 40 శాతం తగ్గాయి. 2 గ్రాములకు తగ్గలేదు.

వంశపారంపర్యంగా పేగు నిండా వందల పిలకలు వచ్చే జబ్బు ఒకటుంది. 2006లో ఆ జబ్బున్న అయిదుగురికి కర్క్యుమిన్, ఉల్లిపాయలో ఉండే క్వెర్సిటిన్ కలిపి ఇస్తే పిలకలు 60 శాతం తగ్గాయి. మా ల్యాబులో ఆ రోజు స్వీట్లు పంచుకున్నాం. అయిదుగురే, పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు లేరు. అదే శాస్త్రవేత్తలు 2018లో 44 మందితో సరైన పరీక్ష చేశారు. కొందరికి రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర, ఏడాదిపాటు. తేడా రాలేదు. తమ ఆశకు తామే పరీక్ష పెట్టి, ఫలితం దాచకుండా అచ్చు వేసినవాళ్లంటే నాకు గౌరవం. ఆ రెండో వార్త మాత్రం మన గ్రూపులో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పని కూడా చెప్పాలి. 1992లో వాళ్లు 16 మంది పొగతాగేవారికి రోజుకు గ్రామున్నర పసుపు 30 రోజులు ఇచ్చి, మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయని చూపించారు. మాత్ర కాదు, మన పసుపే. క్యాన్సర్ తగ్గిందని వాళ్లు అనలేదు, చూసింది చూసినట్టు రాశారు.

ఇప్పుడు ఒక మాట కాస్త బరువుగా చెప్పాలి. మనలో చాలామందికి పాఠం చెప్పిన ఒక మాస్టారు, కుటుంబం అనుమతితోనే చెబుతున్నాను, విరేచనంలో రక్తం పడితే మొలలనుకున్నారు. ఎవరో చెప్పారని మజ్జిగలో పసుపు కలుపుకుని ఎనిమిది నెలలు తాగారు. నాకు ఫోన్ చేసేసరికి జబ్బు కాలేయానికి పాకింది. "పసుపు మీద పనిచేస్తున్నావటగా, ఇంకాస్త మోతాదు పెంచనా నాయనా?" అని అడిగారు. మర్నాడే పెద్ద డాక్టర్ దగ్గరికి పంపాం. ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయారు. పసుపు ఆయనకు హాని చేయలేదు. ఎనిమిది నెలలు పోయాయి, అంతే. పెద్దపేగు క్యాన్సర్‌ను పేగు దాటకముందే పట్టుకుంటే, అమెరికా లెక్కల్లో నూటికి 90 మంది అయిదేళ్లు దాటుతున్నారు. దూరానికి పాకాక సుమారు 15 మందే.

కాబట్టి 45 దాటినవాళ్లు, అంటే ఈ షామియానా కింద ముప్పాతిక మంది, విరేచనంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టుకునే పరీక్ష గురించి మీ డాక్టర్‌ను అడగండి. రక్తం కనపడితే, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారితే, కారణం లేకుండా బరువు తగ్గితే ఆగవద్దు. సిగ్గుపడవద్దు. మన వైపు ఆడవాళ్లు ఈ విషయం భర్తకు కూడా చెప్పరు, వాళ్లకు మరీ మరీ చెబుతున్నాను.

కూరలో పసుపు మానకండి. మందుల షాపులో డబ్బాల్లో అమ్మే గట్టి మాత్రలు వేరే సంగతి. పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలు అమెరికా వైద్యులు 2022లో ప్రచురించారు, వారిలో ఒకరు చనిపోయారు. కొన్ని మాత్రల్లో మిరియాల సారం కూడా ఉంది. కీమో తీసుకుంటున్నవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా అవి మింగవద్దు.

ఇంతకీ పెద్దపేగుకు నిజంగా ఇష్టమైన తిండి ఏదంటే, మనకు అరగని పీచు. జొన్న, రాగి, పప్పులు, ఆకుకూరల్లోని పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థం తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. విచిత్రం ఏమంటే ఆరోగ్యంగా ఉన్న కణం దాన్ని కాల్చుకుని బతుకుతుంది. క్యాన్సర్ కణం చక్కెర మీద పడి దీన్ని కాల్చదు. అందువల్ల అది లోపల పేరుకుని ఆ కణం పెరుగుదలను ఆపుతుంది. ఇదీ సీసాలో చూసిందే సుమా. 2000లో పీచు ఎక్కువ తినిపించి చేసిన రెండు పెద్ద పరీక్షల్లో పిలకలు మళ్లీ రావడం తగ్గలేదు. అవి మూడు నాలుగేళ్ల పరీక్షలు, క్యాన్సర్ ముదరడానికి పదేళ్లపైనే పడుతుంది. నా మటుకు నేను వారంలో నాలుగు పూటలు జొన్నరొట్టె తింటున్నాను, మా ఆవిడ సాక్ష్యం.

భోజనాల తర్వాత పాత సైన్సు గదిలో మైక్రోస్కోపు పెట్టిస్తాను. హెచ్‌టీ-29 కణాల స్లైడ్లు నాలుగు తెచ్చాను, రెండు కర్క్యుమిన్ వేసినవి, రెండు వేయనివి. ఏది ఏదో రాయలేదు. పిల్లల్ని ముందు చూడనివ్వండి, ఆ తర్వాత మనం.