ఇంటికి వచ్చేస్తానన్న పిల్లాడు
(స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ఆయన ముందుగా తప్పినవాళ్ల ఇళ్లకే వెళ్లేవారని మీరే నాకు చెప్పారు. వాకిట్లో సైకిల్ స్టాండు వేసి, మంచినీళ్లు అడిగి, పిల్లాడి తండ్రి కోపం చల్లారేదాకా అరుగు దిగేవారు కాదట. క్లినికల్ సైకాలజిస్టుగా నేను చేసే పనిలో పెద్ద భాగం ఇదే. కాకపోతే నా దగ్గరకు పిల్లలు ఆలస్యంగా వస్తారు. ఆయన వేళకు వెళ్లేవారు.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అరవైమంది ఉన్న ఇంటర్ సెక్షన్లో నలుగురన్నమాట. ఆ నలుగురూ హాజరు పలుకుతారు, స్టడీ అవర్లో పుస్తకం ముందు కూర్చుంటారు. బయటికి ఏమీ కనబడదు.

ఒక అబ్బాయి గురించి చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఎంపీసీ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటున్నాడు. కడుపునొప్పి అని తల్లిదండ్రులు తీసుకొచ్చారు. తండ్రి చేతిలో లావుపాటి ఫైలు. స్కానింగులు, రక్తపరీక్షలు, ఎండోస్కోపీ, అన్నీ మామూలుగానే ఉన్నాయి. నేను పిల్లాణ్ణి ఏది అడిగినా తల్లే జవాబు చెబుతోంది. నొప్పి ఏ రోజుల్లో వస్తుందని అడిగితే మాత్రం ఆమె ఆగింది. "శనివారం రాత్రి" అన్నాడు వాడు. వాళ్ల కాలేజీలో ఆదివారం పొద్దున వీక్లీ టెస్టు.

పెద్దవాళ్లిద్దరినీ కాసేపు బయట కూర్చోమన్నాను. వాడు చాలాసేపు ఫైలు తాడు విప్పుతూ ముడేస్తూ ఉండిపోయాడు. నేనూ తొందరపెట్టలేదు. చివరికి, "సెక్షన్ మార్చేశారు మేడమ్" అన్నాడు. మార్కులు తగ్గాయని కింది సెక్షన్లో వేశారు. పాత స్నేహితుల భోజనం వేళ వేరు, మేడ వేరు. ఆ ఇద్దరు ముగ్గురితో కలిసి అన్నం తినడమే వాడికి ఆ ఊళ్లో ఉన్న ఇల్లు. అది పోయింది.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడిగాను. ఈ మాట అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని తల్లిదండ్రులు భయపడతారు. అలా జరగదు. అడిగినప్పుడు పిల్లలకు ఊపిరాడుతుంది. వాడు తలెత్తి చూసి, అప్పుడు ఏడ్చాడు.

అవునని చెప్పిన పిల్లాణ్ణి ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుమందులూ మాత్రలూ చేతికి అందకుండా దాచాలి. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. రాత్రి ఏ వేళకైనా 14416కి ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ టెలీమానస్ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు. పోలీసు కేసవుతుందని భయపడి, ప్రయత్నం చేసిన బిడ్డను కూడా దాచుకునేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ఆ బిడ్డ తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావిస్తుంది. శిక్ష మాట అటుంచి, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది.

2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవాళ్ల పేపర్లన్నీ మళ్లీ చూస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. కానీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ తప్పుల లెక్క కాదు. నిజంగానే ఫెయిలైనా కొద్ది వారాల్లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. ఆ కొద్ది వారాలు ఇంట్లో తలెత్తుకు తిరగవచ్చునన్న ధైర్యం పిల్లలకు ఎవరిస్తున్నారు?

ఈ రోజు మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. చాలా హాస్టళ్లలో సెల్‌ఫోన్లు ఉండనివ్వరు. వార్డెన్ ఫోన్ దగ్గర పిల్లలు వరుసలో నిలబడతారు. వెనక పదిమంది వింటుండగా పిల్లాడు తన గోడంతా చెప్పుకోలేడు. "నాన్నా, వచ్చేస్తాను" అని ఒక్క ముక్క అంటాడు. ఇటునుంచి, "ఫీజు కట్టేశాం కదరా, కొన్నాళ్లు సర్దుకుపో" అంటారు. అప్పు చేసి కట్టిన తండ్రిని నేను తప్పుపట్టను. ఆయన ప్రేమలో లోపం లేదు. అయినా ఆ ఒక్క ముక్కను నూట మూడు జ్వరంలా చూడండని వేడుకుంటున్నాను. ఆ రాత్రే బస్సెక్కండి. పక్కన కూర్చుని అన్నం తినండి. మార్కుల ప్రస్తావన తేకండి. నాలుగు రోజులు ఇంటికి తీసుకొచ్చినంత మాత్రాన చదువు ఆగిపోదు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన ఒక అమ్మాయి తండ్రి న్యాయస్థానం తలుపు తట్టారు. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. వీలైనంత వరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు, సాయం చేసే నంబర్లు హాస్టల్లో కనబడేలా రాయాలి. ఆ పిల్లాడి కడుపునొప్పికి మందు ఇందులో ఉంది. తీర్పు కాపీ తీసుకుని మీ కాలేజీకి వెళ్లి, కౌన్సెలర్ ఎవరని అడగండి. సాయంత్రాలు లెక్కల సారే ఆ పని కూడా చూస్తున్నారని చెబితే ఒప్పుకోకండి.

ఆ అబ్బాయి ఇప్పుడు సొంత ఊళ్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సీఈసీ చదువుతున్నాడు. పరీక్షలప్పుడు నొప్పి ఇంకా వస్తుంది, వస్తే నాకు ఫోన్ చేస్తాడు. అయితే టీసీ చేతికి రావడానికి వాళ్ల నాన్న చాలాసార్లు తిరగాల్సి వచ్చింది, మిగిలిన ఫీజు రానేలేదు. యాజమాన్యాల ప్రతినిధులు ముందు వరుసలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇంటికి వెళ్లిపోతానన్న పిల్లల సర్టిఫికెట్లు ఆ రోజే ఇచ్చేయండి, చదవని నెలల ఫీజు తిరిగి ఇవ్వండి. ఈ నియమం వచ్చే జూన్ అడ్మిషన్ ఫారంలోనే అచ్చువేయండి.